ఐక్లౌడ్ ప్రైవేట్ రిలే: నెలకు 75 రూపాయలకు ఏం దాస్తుంది, ఏం దాయదు

ఐఫోన్ వాడేవాళ్ళలో చాలామంది ఫోటోలకు చోటు చాలక ఐక్లౌడ్ ప్లస్ తీసుకుంటారు. 50 జీబీ ప్లానుకు నెలకు 75 రూపాయలు. ఆ డబ్బుతోనే ప్రైవేట్ రిలే అనే సేవ కూడా వస్తుందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు దాన్ని వీపీఎన్ (ఫోను ట్రాఫిక్‌ను ఒక సంస్థ సర్వరు గుండా పంపే సేవ) అనుకుని, అది చేయని పనులు దాని మీద పెట్టుకుంటారు. నిజానికి ఇది రెండు ప్రాక్సీలను, అంటే మీ బదులు సైటుతో మాట్లాడే మధ్యవర్తి సర్వర్లను, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టిన ఏర్పాటు. మీరెవరో తెలిసిన ప్రాక్సీకి మీరు ఏ సైటుకు వెళ్తున్నారో తెలియదు. ఏ సైటుకు వెళ్తున్నారో తెలిసిన ప్రాక్సీకి మీరెవరో తెలియదు. ఈ ఒక్క పనిని సామాన్యుల చేతికి అందేలా ఇంత పకడ్బందీగా కట్టిన సేవలు చాలా తక్కువ. అందుకే దీనికి మంచి మార్కులు పడాలి. అయితే దీని హద్దులు కూడా గట్టివే. సఫారీ నుంచి బయట కాలు పెడితే కథ మారిపోతుంది.

ఆపిల్ దీన్ని 2021 జూన్‌లో ప్రకటించింది. ఐఓఎస్ 15, ఐప్యాడ్ ఓఎస్ 15, మాక్ ఓఎస్ మాంటెరేలతో అందుబాటులోకి వచ్చింది.

మామూలు ప్రాక్సీతో చిక్కెక్కడ

రిలే విలువ తెలియాలంటే పాత ప్రాక్సీల పని తీరు ముందు చూడాలి. ఆఫీసుల్లో, కాలేజీ హాస్టళ్ళలో వాడే హెచ్‌టీటీపీ ప్రాక్సీనే తీసుకోండి. తాళం గుర్తు ఉన్న (హెచ్‌టీటీపీఎస్, అంటే ఎన్‌క్రిప్షన్ ఉన్న) సైటుకు వెళ్ళాలంటే బ్రౌజరు ముందుగా ప్రాక్సీకి 'కనెక్ట్' అనే ఆదేశం పంపుతుంది. అందులో సైటు పేరు, 443 అనే పోర్టు నంబరు ఉంటాయి. ప్రాక్సీ ఆ సైటుకు లైను కలిపి, ఆ తర్వాత వచ్చే బైట్లను అటూ ఇటూ అందిస్తుంది. పేజీలో ఏముందో దానికి కనపడదు. ఎవరు, ఏ సైటుకు, ఏ సమయంలో, ఎంత డేటా అనే నాలుగూ దాని లాగ్‌లో, అంటే రికార్డులో, పడతాయి. బ్రౌజరుకూ ప్రాక్సీకీ మధ్య ఆ 'కనెక్ట్' ఆదేశం చాలాచోట్ల ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తుంది కాబట్టి అదే వైఫైలో ప్యాకెట్లు పట్టేవాళ్ళకు కూడా సైటు పేరు దొరుకుతుంది. తాళం లేని సైటయితే ఇంకా అధ్వాన్నం. స్క్విడ్ లాంటి ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్ సెట్టింగుల్లో మీ అసలు ఐపీని (ఇంటర్నెట్‌లో మీ చిరునామాను) 'ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్' అనే హెడర్‌లో రాసి మరీ అవతలి సైటుకు పంపుతుంది.

సాక్స్ 5 అనే మరో ప్రాక్సీ పద్ధతి దీనికంటే సూటిగా ఉంటుంది. 1996 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 1928 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా ఖరారైన ఈ ప్రోటోకాల్ ఇప్పటికీ రోజూ పనిలో ఉంది. తెలుగు వికీపీడియా తెరవాలనుకోండి. బ్రౌజరు మొదట 05 అనే బైటు పంపి, తాను ఏయే గుర్తింపు పద్ధతులకు సిద్ధమో చెబుతుంది. పాస్‌వర్డు అక్కర్లేదంటే ప్రాక్సీ 05 00 అని బదులిస్తుంది. తర్వాత అసలు కోరిక వెళ్తుంది: 05, 01, 00, 03, ఆపై పేరు పొడవు 16, ఆపై సైటు పేరులోని 16 అక్షరాలు, చివర రెండు బైట్లలో పోర్టు. ఇక్కడ నాలుగో బైటు కీలకం. 03 అంటే 'ఇదిగో పేరు, చిరునామా నువ్వే వెతుక్కో' అని. అక్కడ 01 ఉంటే మీ పరికరం అప్పటికే మీ ఇంటర్నెట్ కంపెనీ డీఎన్ఎస్‌ను (సైటు పేరుకు ఐపీ చెప్పే సేవను) అడిగి ఐపీ తెచ్చుకుందన్నమాట. అంటే ప్రాక్సీ పెట్టుకున్నా మీరు చూసే సైట్ల జాబితా కంపెనీకి అందుతూనే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ సెట్టింగుల్లో సాక్స్ 5కు డీఎన్ఎస్‌ను కూడా ప్రాక్సీ ద్వారానే పంపమనే టిక్ ఉండేది ఇందుకే. ఇక సాక్స్‌కు సొంతంగా ఎన్‌క్రిప్షన్ లేదు. యూజర్‌నేమ్, పాస్‌వర్డులు కూడా ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి.

ఈ రెండింటిలోనూ, డబ్బులిచ్చి కొనే మామూలు వీపీఎన్‌లోనూ ఉండే చిక్కు ఒక్కటే. మధ్యలో కూర్చున్న ఒకే ఒక్క సంస్థకు మీ ఐపీ తెలుసు, మీరు వెళ్ళే సైటూ తెలుసు. అది లాగ్ ఉంచదని నమ్మాలి, అమ్మదని నమ్మాలి. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో ఈ నమ్మకాన్ని ఎలా వాడుకుందో గుర్తుంచుకోవాలి. డేటాకు రక్షణ అని చెప్పి ఫోన్లలోకి చేరిన ఆ వీపీఎన్, జనం ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో యజమానికి చేరవేసింది. ఆపిల్ 2018 ఆగస్టులో దాన్ని తన స్టోరు నుంచి తీయించింది.

ఒక పేజీ తెరిస్తే లోపల జరిగేది

ప్రైవేట్ రిలే ఆన్‌లో ఉన్న ఐఫోన్‌లో సఫారీ తెరిచి అదే తెలుగు వికీపీడియాకు వెళ్ళారనుకుందాం.

ముందు మీకు ఐక్లౌడ్ ప్లస్ ఉందని రుజువు కావాలి. ఫోను ఆపిల్ సర్వరు దగ్గర కొన్ని టోకెన్లు తీసుకుంటుంది. వీటి మీద వేసేది ఆర్‌ఎస్‌ఏ బ్లైండ్ సంతకం. అంటే సంతకం చేసే సర్వరుకు తాను ఏ టోకెను మీద సంతకం పెడుతోందో కనపడదు. రేపు ఆ టోకెను ప్రాక్సీ దగ్గరికి వచ్చినప్పుడు 'ఇది చెల్లుతుంది' అని తేలుతుంది కానీ 'ఇది ఫలానా ఖాతాది' అని తేలదు. ఈ టోకెన్లకు పరిమితి కూడా ఉంది. సేవను బాట్ల కోసం దుర్వినియోగం చేయకుండా అది అడ్డుకట్ట.

తర్వాత ఫోను మొదటి ప్రాక్సీకి లైను కలుపుతుంది. దీన్ని నడిపేది ఆపిలే. ఈ లైను క్విక్ అనే కొత్త తరం రవాణా ప్రోటోకాల్ మీద, యూడీపీ (చేరిందో లేదో చూడకుండా ప్యాకెట్లు పంపే మూల పద్ధతి) పోర్టు 443లో వెళ్తుంది. మీ ఇంటర్నెట్ కంపెనీకి కనపడేది ఇంతవరకే: ఈ చందాదారుడు ఆపిల్ రిలేతో మాట్లాడుతున్నాడు.

ఆ లైనులోపల ఫోను 'నన్ను రెండో ప్రాక్సీ దాకా చేర్చు' అని అడుగుతుంది. అడిగే పద్ధతి పాత 'కనెక్ట్' ఆదేశానికి వారసుడే. యూడీపీ ప్యాకెట్లను కూడా మోయగలిగేలా పెంచారు, 2022 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 9298గా ప్రమాణమైంది. ఈ కుటుంబాన్నంతా కలిపి మాస్క్ అంటారు. రెండో ప్రాక్సీని ఆపిల్ నడపదు. అకామై, క్లౌడ్‌ఫ్లేర్, ఫాస్ట్‌లీ లాంటి కంపెనీలు నడుపుతాయి. ఫోను మొదటి లైనులోపల రెండో లైను వేసి, దాంట్లో టీఎల్ఎస్ 1.3 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో రెండో ప్రాక్సీతో నేరుగా తాళం వేసుకుంటుంది. సైటు పేరు ఈ లోపలి లైనులోనే చెబుతుంది. మొదటి ప్రాక్సీ ఈ ప్యాకెట్లు మోస్తుంది, చదవలేదు. రెండో ప్రాక్సీకి సైటు పేరు కనపడుతుంది. కానీ తనకు ప్యాకెట్లు వచ్చింది ఆపిల్ ప్రాక్సీ నుంచి కాబట్టి మీ ఐపీ తెలియదు.

అన్నిటికంటే లోపల సఫారీకీ వికీపీడియాకూ మధ్య మామూలుగా ఉండే తాళం అలాగే ఉంటుంది. అందుకని రెండో ప్రాక్సీ కూడా మీరు చదివే పేజీని చూడలేదు. తాళం లేని పాత హెచ్‌టీటీపీ సైటయితే మాత్రం చూడగలదు. ఇది చాలామంది గమనించని సంగతి. తాళం లేని సైటులో ఫారం నింపేటప్పుడు రిలే ఉంది కదా అని ధీమా పడకూడదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది, రెండో ప్రాక్సీని నడిపే కంపెనీలు వేరే పనిగా లోకంలోని పెద్ద పెద్ద వెబ్‌సైట్లకు సీడీఎన్ సేవ (పేజీల నకళ్ళను పాఠకులకు దగ్గరి సర్వర్ల నుంచి అందించడం) కూడా ఇస్తాయి. మీరు వెళ్ళే సైటు, దాని ముందు నిలబడ్డ సీడీఎన్, మీ రెండో ప్రాక్సీ ఒకే కంపెనీవి కావచ్చు. మీ ఐపీ దానికి అప్పుడు కూడా తెలియదు, నిజమే. కానీ ఏ కంపెనీ ద్వారా బయటికి వెళ్ళాలో ఎంచుకునే వీలు ఆపిల్ ఇవ్వలేదు. ఇవ్వాల్సింది. రెండోది, ఖాతా ఆపిల్‌ది, ఫోను సాఫ్ట్‌వేర్ ఆపిల్‌ది, మొదటి ప్రాక్సీ ఆపిల్‌ది. ఆపిల్, రెండో కంపెనీ చేతులు కలిపితే, లేదా రెండు వైపులా ప్యాకెట్ల సమయాలను గమనించగల శక్తి ఎవరికైనా ఉంటే, ఈ విభజన నిలవదు. ప్రకటనల కంపెనీల నుంచి, వైఫై యజమానుల నుంచి కాపాడుకోవడానికి ఇది చాలు. ప్రాణం మీదికొచ్చే పనులకు దీన్ని నమ్ముకోకూడదు. అలాంటి పనికి మూడు రిలేల మీదుగా వెళ్ళే టార్ బ్రౌజరే సరైంది.

సఫారీ దాటితే

రిలే గుండా వెళ్ళేవి మూడే: సఫారీలో చూసే పేజీలు, డీఎన్ఎస్ ప్రశ్నలు, యాప్‌ల నుంచి తాళం లేకుండా వెళ్ళే హెచ్‌టీటీపీ ట్రాఫిక్. క్రోమ్, యూట్యూబ్ యాప్, వాట్సాప్ కాల్స్, బ్యాంకు యాప్‌లు, ఫేస్‌బుక్ లోపలే తెరుచుకునే బ్రౌజరు: వీటి తాళం ఉన్న ట్రాఫిక్ అంతా మామూలు దారినే పోతుంది. ఆ సర్వర్లకు మీ అసలు ఐపీయే కనపడుతుంది.

డీఎన్ఎస్ సంగతి ఇంకొంచెం వివరంగా చూడాలి. యాప్‌ల డీఎన్ఎస్ ప్రశ్నలను రిలే ఒబ్లివియస్ డీఎన్ఎస్ అనే పద్ధతిలో పంపుతుంది. ప్రశ్నను ఫోనే ఎన్‌క్రిప్ట్ చేసి మధ్యవర్తి ద్వారా పంపుతుంది కాబట్టి జవాబిచ్చే సర్వరుకు అడిగింది ఎవరో తెలియదు. మంచిదే. కానీ జవాబు వచ్చాక యాప్ ఆ సర్వరుకు నేరుగా లైను కలుపుతుంది. ఆ లైను మొదటి ప్యాకెట్లలోనే సర్వరు పేరు ఎస్ఎన్ఐ అనే చోట సాధారణంగా తెరిచి ఉంటుంది. అంటే డీఎన్ఎస్‌లో దాచిన పేరు మరుక్షణంలో ఇంటర్నెట్ కంపెనీకి మళ్ళీ కనపడుతుంది. యాప్‌ల విషయంలో ఈ సేవ ఇచ్చే గోప్యత సగం కూడా కాదు. ఆపిల్ ప్రచారం ఈ తేడాను ఇంకా స్పష్టంగా చెప్పాలి.

కుకీలు, లాగిన్‌లు కూడా దీని పరిధిలోకి రావు. సఫారీలో జీమెయిల్‌కు లాగిన్ అయి ఉంటే, ఐపీ మారినా మీరెవరో గూగుల్‌కు తెలుసు. బ్రౌజరు వేలిముద్రల (ఫాంట్లు, తెర కొలత లాంటి వివరాలతో పరికరాన్ని గుర్తుపట్టడం) సంగతీ అంతే. 2021 సెప్టెంబరులో ఫింగర్‌ప్రింట్‌జేఎస్ అనే సంస్థ ఇంకో లొసుగు చూపించింది. వీడియో కాల్స్ కోసం బ్రౌజర్లలో ఉండే వెబ్‌ఆర్‌టీసీ అనే భాగం ఐఓఎస్ 15లో రిలేను దాటుకుని అసలు ఐపీని బయటపెట్టేది. తర్వాతి అప్‌డేట్లలో ఆపిల్ దాన్ని సరిచేసింది. ఇలాంటివి ఏ ప్రాక్సీలోనైనా మళ్ళీ తలెత్తవచ్చు కాబట్టి పెద్ద అప్‌డేటు వచ్చినప్పుడల్లా ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

మన దేశంలో దీని అవసరం ఎందుకు ఎక్కువ

మొబైల్ డేటాలో ఐపీవీ4 (పాత తరం ఐపీ) చిరునామాలు తక్కువ. అందుకని కంపెనీలు ఒకే చిరునామాను ఎంతోమందికి పంచుతాయి. దీన్నే క్యారియర్ గ్రేడ్ న్యాట్ అంటారు. 'నా ఐపీ ఎలాగూ వందలమందితో పంచుకున్నదే, ఇంకేం దాచాలి' అనే వాదన ఇక్కడి నుంచే వస్తుంది. కానీ జియో నెట్‌వర్కు మొదటి నుంచీ ఐపీవీ6 (చిరునామాలకు కొరత లేని కొత్త తరం ఐపీ) మీద నడుస్తోంది. మొబైల్ నెట్‌వర్కులో ప్రతి ఫోను కనెక్షనుకూ 64 బిట్ల ఉపసర్గ (చిరునామాలో మొదటి సగం) ఒకటి విడిగా ఇస్తారు. ఫోను చివరి 64 బిట్లను తరచూ మార్చుకున్నా, మొదటి 64 బిట్లు ఆ కనెక్షను ఉన్నంతసేపూ మీవే. అవి చూస్తే చాలు, ఈ రెండు సైట్లకూ వచ్చింది ఒకే ఫోను అని ప్రకటనల కంపెనీ తేల్చేస్తుంది. గుంపులో కలిసే వీలు అక్కడ లేదు. రిలే ఆన్ చేస్తే సైటుకు కనపడేది రెండో ప్రాక్సీ చిరునామా. అది ఎంతోమంది పంచుకునేది, పైగా కాలక్రమంలో మారేది.

రెండో కారణం చట్టం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు తమ చందాదారుల పేర్లు, వాళ్ళకు కేటాయించిన ఐపీలు, వాడుక ఉద్దేశం లాంటి వివరాలను చందా ముగిశాక కూడా 5 ఏళ్ళు ఉంచాలి. సెర్ట్-ఇన్ ఇచ్చిన వివరణల్లో వీపీఎన్ సంస్థ అంటే సాధారణ ఇంటర్నెట్ వాడకందార్లకు 'ఇంటర్నెట్ ప్రాక్సీ లాంటి సేవలు' ఇచ్చేది అని ఉంది. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లు దీని కిందికి రావు. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ ఆ ఏడాదే ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. కాబట్టి ఈ దేశంలో సర్వరు ఉన్న వీపీఎన్ 'లాగ్‌లు లేవు' అని చెబితే ఆ మాటను ఈ నిబంధన పక్కన పెట్టి చూడాలి. ఒకే సంస్థ దగ్గర పేరూ ఐపీ రెండూ పోగుపడే కట్టడంలోనే ఈ ప్రమాదం ఉంది.

ఆన్ చేయడం, సరిచూడడం

సెట్టింగ్స్ తెరిచి, పైన మీ పేరు మీద నొక్కి, ఐక్లౌడ్‌లోకి వెళ్తే ప్రైవేట్ రిలే కనపడుతుంది. అక్కడ స్విచ్ ఆన్ చేయాలి. కిందనే ఐపీ అడ్రస్ లొకేషన్ అని ఉంటుంది. దాంట్లో రెండు ఎంపికలు. 'మెయింటైన్ జనరల్ లొకేషన్' పెడితే సైట్లకు మీ ప్రాంతానికి దగ్గరి ఊరు కనపడుతుంది. వాతావరణం, దగ్గరి దుకాణాలు, స్థానిక వార్తలు సరిగా వస్తాయి. 'యూజ్ కంట్రీ అండ్ టైమ్ జోన్' పెడితే దేశం, సమయ మండలం వరకే తెలుస్తాయి. దేశమంతా ఒకే సమయం కాబట్టి మనకు ఈ రెండో ఎంపిక చాలా విశాలంగా పనిచేస్తుంది. ఖమ్మంలో ఉన్నారో కోల్‌కతాలో ఉన్నారో సైటు చెప్పలేదు. గోప్యతే ముఖ్యమనుకుంటే ఇదే పెట్టుకోండి.

తర్వాత నెట్‌వర్కుల వారీ స్విచ్ చూడాలి. వైఫైలో నెట్‌వర్కు పేరు పక్కనున్న 'ఐ' గుర్తు నొక్కితే 'లిమిట్ ఐపీ అడ్రస్ ట్రాకింగ్' అని ఉంటుంది. మొబైల్ డేటా ఆప్షన్లలోనూ అదే పేరుతో ఇంకొకటి ఉంటుంది. పై స్విచ్ ఆన్‌లో ఉన్నా ఇది ఆఫ్‌లో ఉంటే ఆ నెట్‌వర్కులో రిలే పనిచేయదు. 'ఆన్ చేశాను కానీ ఐపీ మారలేదు' అనేవాళ్ళు ముందు ఇక్కడ చూడాలి.

పరీక్షించే తీరు ఇది. రిలే ఆఫ్‌లో ఉంచి సఫారీలో ఐపీ చూపించే ఏదైనా సైటు తెరవండి. ఐపీవీ4, ఐపీవీ6 రెండూ చూపించేది ఎంచుకోండి. పక్కనే మీ ఇంటర్నెట్ కంపెనీ పేరు ఉంటుంది. ఇప్పుడు రిలే ఆన్ చేసి పేజీని మళ్ళీ లోడ్ చేయండి. రెండు చిరునామాలూ మారాలి, కంపెనీ పేరు స్థానంలో అకామైయో క్లౌడ్‌ఫ్లేరో ఫాస్ట్‌లీయో రావాలి. అదే సైటును క్రోమ్‌లో కూడా తెరిచి చూడండి. అక్కడ మీ అసలు చిరునామా అలాగే కనపడుతుంది. సఫారీ హద్దు ఏమిటో దీంతో కళ్ళారా తెలుస్తుంది. చివరగా వెబ్‌ఆర్‌టీసీ లీక్ పరీక్ష పేజీ ఒకటి సఫారీలో తెరిచి అసలు ఐపీ ఎక్కడా రాలేదని చూసుకోండి.

వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఈ పరీక్ష వేరే ఫలితం ఇస్తుంది. వీపీఎన్‌లోకి వెళ్ళే ట్రాఫిక్ రిలేలోకి వెళ్ళదు. రెండూ కలిపి వాడితే గోప్యత రెట్టింపవుతుందనుకోవడం పొరపాటు.

మొరాయించే చోట్లు

యూడీపీ 443ను మూసేసిన ఆఫీసు, హోటల్ నెట్‌వర్కుల్లో ఫోను క్విక్‌తో ప్రయత్నించి కుదరక, హెచ్‌టీటీపీ 2తో టీసీపీ అనే పాత రవాణా దారికి మళ్ళుతుంది. పని జరుగుతుంది కానీ సిగ్నలు బాగాలేని చోట తేడా తెలుస్తుంది. టీసీపీలో ఒక ప్యాకెట్టు పోతే దాని వెనకున్నవన్నీ అది వచ్చేదాకా ఆగాలి. క్విక్‌లో అయితే పోయిన ప్యాకెట్టుకు సంబంధించిన స్ట్రీము ఒక్కటే ఆగుతుంది.

వేగం పరీక్షల్లో అంకె తగ్గిందని కంగారు పడక్కర్లేదు. ఆ పరీక్షలు ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి లైనును నింపుతాయి. రిలే అన్నిటినీ ఒకే కనెక్షన్లో పంపుతుంది కాబట్టి అంకె తక్కువ రావచ్చు. పేజీలు తెరుచుకునే వేగంలో ఆ మేరకు తేడా ఉండదు.

నెట్‌వర్కు నడిపేవాళ్ళు రిలేను ఆపదలచుకుంటే అందుకు ఆపిల్ చెప్పిన పద్ధతి ఉంది. మాస్క్ డాట్ ఐక్లౌడ్ డాట్ కామ్, మాస్క్-హెచ్2 డాట్ ఐక్లౌడ్ డాట్ కామ్ అనే రెండు పేర్లకు డీఎన్ఎస్‌లో 'అలాంటి పేరు లేదు' అని జవాబివ్వాలి. అప్పుడు ఫోను వెంటనే వాడకందారుకు సందేశం చూపించి, ఈ నెట్‌వర్కులో రిలే ఆపమంటారా అని అడుగుతుంది. అలా కాకుండా ప్యాకెట్లను ఫైర్‌వాల్‌లో నిశ్శబ్దంగా పారేస్తే ఫోను జవాబు కోసం కాచుకుంటూ కూర్చుంటుంది, సఫారీ నత్తనడక నడుస్తుంది. కాలేజీ వైఫైలో ఐఫోన్లు మాత్రమే నెమ్మదిగా ఉన్నాయనే ఫిర్యాదు వస్తే సిస్టమ్ అడ్మిన్ చూడాల్సిన మొదటి చోటు ఇదే. ఇంట్లో పై-హోల్ (ప్రకటనలను డీఎన్ఎస్ దగ్గరే ఆపే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నవాళ్ళకు ఇంకో మాట. పై-హోల్ డిఫాల్టుగానే ఈ పేర్లను ఆపుతుంది. ఇంటి వైఫైలో రిలే రాకపోతే కారణం అది కావచ్చు. పిల్లల కోసం రౌటరులో డీఎన్ఎస్ ఫిల్టరు పెట్టిన తల్లిదండ్రులకు ఇది వ్యతిరేక దిశలో ముఖ్యం. రిలే ఆన్‌లో ఉన్న ఐప్యాడ్‌లో సఫారీ ఆ ఫిల్టరును దాటిపోతుంది.

తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళకు ఎదురయ్యే అడ్డంకి వేరు. చదవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. 'సవరించు' నొక్కితే మాత్రం మీ ఐపీ నిరోధంలో ఉందనే సందేశం రావచ్చు. ప్రాక్సీల ద్వారా దుశ్చర్యలు చేయడం తేలిక కాబట్టి వికీమీడియా ఓపెన్ ప్రాక్సీలను ఆపుతుంది. రిలే బయటి చిరునామాలు ఎంతోమంది పంచుకునేవి కావడంతో అవి కూడా అందులో చిక్కుకుంటాయి. ఆ ఒక్క సైటుకే రిలే తీసేయడానికి దారి ఉంది: సఫారీలో ఆ పేజీ మెనూలో 'షో ఐపీ అడ్రస్' నొక్కాలి, మాక్‌లో అయితే వ్యూ మెనూలో 'రీలోడ్ అండ్ షో ఐపీ అడ్రస్'. తరచూ రాసేవాళ్ళు తమ వాడుకరి ఖాతాకు ఐపీ నిరోధం నుంచి మినహాయింపు అడగడం మేలు. ఐపీని బట్టి అనుమతించే వేరే సైట్లలోనూ ఇదే చిట్కా పనికొస్తుంది. మొత్తంగా ఆపాలనుకున్నప్పుడు కూడా సెట్టింగ్స్‌లో 'టర్న్ ఆఫ్ అంటిల్ టుమారో' ఎంచుకుంటే మర్నాడు దానంతటదే మళ్ళీ ఆన్ అవుతుంది. శాశ్వతంగా ఆఫ్ చేసి మర్చిపోవడం కంటే ఇది నయం.

సొంత వెబ్‌సైటు నడిపేవాళ్ళు కూడా ఈ సేవను లెక్కలోకి తీసుకోవాలి. ఒకే ఐపీ నుంచి తక్కువ సమయంలో ఎక్కువ అభ్యర్థనలు వస్తే నిషేధించే నియమం పెట్టి ఉంటే, ఆ ఐపీ వెనక వేరు వేరు పాఠకులు ఉండొచ్చు. ఆపిల్ తన రిలే బయటి చిరునామాలన్నిటినీ, ఏది ఏ ఊరికి చెందినట్టు లెక్కించాలో కూడా చెబుతూ ఒక సీఎస్‌వీ ఫైలుగా ప్రచురిస్తుంది. దాన్ని తెచ్చుకుని ఆ శ్రేణులకు పరిమితి సడలించి, లెక్కను సెషను కుకీ మీదికి మార్చుకుంటే పాఠకులు ఊరికే బయట నిలబడిపోరు.

విదేశాల్లో ఉన్నవాళ్ళు

సౌదీ అరేబియాలో పనిచేసేవాళ్ళు దీనికోసం ప్లాను కొనక్కర్లేదు. 2021లో ప్రకటించినప్పుడే సౌదీ, చైనా, ఈజిప్టు, బెలారస్ లాంటి కొన్ని దేశాల్లో ఈ సేవ ఉండదని ఆపిల్ చెప్పింది. ఇక్కడ కొన్న ప్లానుతో సేవ లేని దేశానికి వెళ్తే ఫోను రిలే అందుబాటులో లేదని చూపించి ఆపేస్తుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఇక్కడి ఓటీటీ చూడాలనుకునేవాళ్ళకు కూడా ఇది పనికిరాదు. దేశం మార్చే ఎంపిక ఇందులో లేదు. బయటి చిరునామా ఎప్పుడూ మీరున్న దేశానిదే. పైగా ఓటీటీ యాప్‌లు రిలే గుండా వెళ్ళవు.

ధర విషయానికొస్తే, ప్రైవేట్ రిలే విడిగా అమ్మరు. 50 జీబీ ప్లానులో ఉన్న రిలేనే పెద్ద ప్లాన్లలోనూ ఉంటుంది, నాణ్యతలో తేడా లేదు కాబట్టి దీనికోసం పెద్దది తీసుకోవద్దు. ఫ్యామిలీ షేరింగ్‌లో ఇంకో ఐదుగురికి అదే ప్లాను పంచవచ్చు. వాళ్ళు ఎవరి ఆపిల్ ఖాతాతో వాళ్ళు లాగిన్ అయి, ఎవరి ఫోనులో వాళ్ళు విడిగా ఆన్ చేసుకోవాలి. ప్లాను తీసుకోకపోయినా రెండు పనులు ఉచితంగా చేసుకోవచ్చు. సఫారీ సెట్టింగుల్లో 'హైడ్ ఐపీ అడ్రస్' దగ్గర ట్రాకర్ల ఎంపిక పెడితే తెలిసిన ట్రాకర్లకు మీ ఐపీ వెళ్ళదు. మెయిల్ యాప్ వాడేవాళ్ళు దాని ప్రైవసీ సెట్టింగుల్లో 'ప్రొటెక్ట్ మెయిల్ యాక్టివిటీ' ఆన్ చేస్తే, మెయిళ్ళలో దాగి ఉండే ట్రాకింగ్ బొమ్మలు ప్రాక్సీల మీదుగా వస్తాయి. మెయిలు ఎప్పుడు తెరిచారో, ఏ ఐపీ నుంచి తెరిచారో పంపినవాళ్ళకు చేరదు.